కాంతం చెప్పిన కొండ

కాంతం పోయిందని దుర్గ ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఇక ఆ కొండ కథ చెప్పేవాళ్ళు ఎవరూ లేరు కదా అనిపించింది. ఆ వెనకాలే, ఇన్నేళ్ళకు ఆ కొండ నా ఒక్కదానిదే అయిందని కూడా అనిపించింది. ఏడుపు ఆ రెండింటి తర్వాత వచ్చింది, వంటింట్లో చేప కడుగుతుండగా. దుర్గ కాంతం కూతురు. తల్లి దినాలు ముగిశాక నర్సు ఉద్యోగానికి కువైట్ వచ్చింది. సెలవు దొరకగానే అక్కడే నేనుండే ఎగైలా వచ్చి నన్ను చూస్తానంది. ఆ పిల్ల వస్తుందంటే నాకు సంతోషం కంటే కంగారు ఎక్కువైంది. వాళ్ళమ్మ ఆ కథ పిల్లలకు చెప్పకుండా ఉండి ఉండదు. అందులో కొండెక్కింది ఎవరని చెప్పిందో నాకు తెలియాలి. ఎక్కింది నేను. పేరు మాత్రం ఎప్పుడూ కాంతానిదే.

నాకు కుళ్ళు ఎక్కువ. అది దాచుకునే వయసు దాటిపోయింది కాబట్టి చెప్పేస్తున్నాను. మాది రాయచోటి దగ్గర రాళ్ళ ఊరు. మా అక్కకు కొత్త పావడా కుట్టిస్తే నాకు జ్వరం వచ్చేది. మా అవ్వ నన్ను చూసి, "దీనికి పక్కింటి పొయ్యిలో పొగ లేచినా కడుపు మండుతాది" అనేది. ఆ మాట నిజమే. ఇన్నేళ్ళు వచ్చాక, నాలుగు కథలు అచ్చయి, ఎవరో ఒకరు నన్ను రచయిత్రి అని పిలిచే రోజులు వచ్చాక కూడా ఆ మంట తగ్గలేదు. అసలు నేను రాయడం మొదలుపెట్టిందే కాంతం మీద కుళ్ళుతో. ఆమె నోటితో చేసే పని నేను కలంతోనైనా చేయాలని పంతం. ఆ కొండ గురించి రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్క లేదు. ప్రతిసారీ చలి, మంచు, ఆయాసం, అక్కడితో ఆగిపోయేది. ఇప్పుడు రాస్తున్నది కూడా కొండ గురించి కాదు, కాంతం గురించి.

మేమిద్దరం కువైట్‌లోని రుమైథియాలో ఒకే ఇంట్లో పనిచేశాం. నాకు వంట, బట్టలు. కాంతానికి ఊడ్చి తుడవడం, ముసలి మామాను చూసుకోవడం. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు. కాంతం పూర్తి పేరు లక్ష్మీకాంతం, కోనసీమ మనిషి. నాకంటే కొంచెం పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ఆమె నన్ను రవణా అనేది. ఆ ఇంటివాళ్ళ నోళ్ళలో మా పేర్లు రమానా, కంతా అయ్యాయి. తెల్లవారగానే ఆ ఇంట్లో ముందుగా లేచేది వాసన. ఏలకులు వేసి మరిగించే కాఫీ, హాల్లో బొగ్గుల మీద వేసే బుఖూర్ పొగ, ఎండబెట్టిన నల్ల నిమ్మకాయలు చితికి ఉడికే చారు, ఇవన్నీ కలిసి మేడమెట్ల దాకా వచ్చేవి. మా గది మేడ మీద, బట్టలారేసే చోటి పక్కన. అక్కడ మాత్రం కాంతం పెట్టుకున్న చేపల పులుసు వాసన, నా వేరుశెనగల చట్నీ వాసన పోట్లాడుకునేవి. మా అన్నంలో ఉప్పు దగ్గర్నుంచి మాకు కుదిరేది కాదు. నా సంగటి చూసి ఆమె, "ఇదేంటే, గోడకి కొట్టే బంతిలాగుంది" అనేది. ఆమె పులుసు చూసి నేను, "బెల్లం వేసినావా చేపలోకి? తల్లీ, నీకో దండం" అనేదాన్ని. అయినా ఒకరిది ఒకరం తినేవాళ్ళం, వేరే దారి లేక.

ముసలి మామాకు కళ్ళు సరిగ్గా కనపడేవి కావు. ఆమె ఇల్లంతా ముక్కుతోనే నడిపేది. సాయంత్రం నమాజు అయ్యాక వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని, గిన్నె మూత తీయగానే, "నిమ్మకాయ తక్కువైంది రమానా" అనేది. నిజంగానే తక్కువయ్యేది. నేను వండితే తప్ప ఆమె ముద్ద ముట్టేది కాదు. ఇది నాకు గొప్పగా ఉండేది. తర్వాత తెలిసింది, అదే నా మెడకు గుదిబండ అయిందని. పెద్ద మామా, అంటే ఆ ముసలావిడ కోడలు, ఎక్కడికి పోవాలన్నా ఒక్క మాట అనేది: "అమ్మ దగ్గర రమానా ఉంటుంది." ఇల్లంతా ఊళ్ళు తిరిగేది, నేను నిమ్మకాయలు చితక్కొడుతూ ఉండేదాన్ని.

ఆ ఇంటి కూతురు నూరా. నా ఈడే. చదువు అప్పుడే ముగించింది. ఆమెకూ ఆమె స్నేహితురాళ్ళకూ ఒక పిచ్చి ఉండేది. లెబనాన్ కొండల్లో వాళ్ళకో వేసవి ఇల్లు ఉంది. కువైట్‌లో ఎండలు ఇంకా ముదరకముందు, అక్కడ మంచు ఇంకా కరగకముందు, ఆ మధ్యలో కొన్ని రోజులు ఆ ఇంటికి పోయి కొండలెక్కేవాళ్ళు. తీగల మీద కుర్చీలు కట్టి పైకి మోసుకుపోయే కొండలు కావు. మనుషులు తిరగని కొండలు. కాళ్ళకు పొడుగాటి స్కీలు కట్టుకుని, తెల్లవారుజామున బయలుదేరి, సగం రోజు తమ కాళ్ళతో తామే ఎక్కి, పైనుంచి ఒక్క ఊపున జారి దిగిపోవడం. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా ఊళ్ళో కొండెక్కితే కట్టెలమోపుతో దిగేవాళ్ళం, లేకపోతే తప్పిపోయిన మేకతో దిగేవాళ్ళం. ఊరికే దిగడానికి ఎక్కేవాళ్ళను నేనెప్పుడూ వినలేదు. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. నూరా మంచు మీద నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి హాల్లో ఉండేది. తుడవడం కాంతం పనే అయినా, రోజూ దాని దుమ్ము తుడిచేది నేనే. తుడిచినప్పుడల్లా, నేను పుట్టిందే కొండల్లో కదా, ఆ పిల్ల నిలబడ్డ చోట నేనెందుకు నిలబడకూడదు అనుకునేదాన్ని. ఆ మాట నూరాతో కూడా ఎన్నోసార్లు అన్నాను. "నాది కొండ ఊరు, నన్ను తీసుకుపో" అని నాకొచ్చిన సగం అరబ్బీలో.

ఆ వసంతం పెద్ద మామా కూడా వాళ్ళతో పోదామనుకుంది. ఇద్దరిలో ఒకరిని పనికి తీసుకుపోతానంది. నూరా నా పేరే చెప్పింది. కాంతం ముఖం చిన్నబోవడం నేను చూశాను, చూసి సంతోషించాను కూడా. ఆ రోజుల్లోనే స్టోరు గదిలో ఉన్న మంచు సామానంతా మేడ మీద గాలికి వేయమని నూరా మాకు చెప్పింది. అందులో పొడుగాటి పట్టీలు కొన్ని ఉన్నాయి. ఒకవైపు మేకతోలులాగ బొచ్చు, రెండోవైపు జిగురు. స్టోరు గది ఉక్కకు ఆ జిగురు కారి, పట్టీలు ఒకదానికొకటి పెనవేసుకుపోయాయి. లాగితే చేతికి అంటుకుంటాయి, చేతినుంచి పీకితే నైటీకి అంటుకుంటాయి. నేను తిట్టుకుంటూ పీకుతుంటే కాంతం బట్టలారేస్తూ వెనక్కి తిరిగి, "పిండి చల్లవే రవణా. చపాతీకి చల్లవా ఏంటి? అంటుకునేదానికి పిండే మందు" అంది. ఎంత మంచి మాట అనిపించింది. కిందికి పోయి పిండి తెచ్చి, జిగురంతా మాసిపోయేదాకా రెండు చేతులా చల్లి, తట్టి, ఒక్కో పట్టీని నున్నగా చుట్టి సంచిలో పెట్టాను. అంత శుభ్రంగా పని చేసినందుకు నాకు నేనే మురిసిపోయాను.

ప్రయాణానికి ముందు నూరా సంచి విప్పింది. పిండి పొగలా లేచింది. ఆ జిగురే ఆ పట్టీల ప్రాణమట. జిగురు వైపు స్కీ అడుగున అంటిస్తారు, బొచ్చు వైపు మంచును పట్టుకుని కొండెక్కేటప్పుడు వెనక్కి జారకుండా ఆపుతుంది. పిండి పట్టాక అవి దేనికీ అంటవు. నూరా తల పట్టుకుంది. పెద్ద మామా ముందు కడుపుబ్బ నవ్వింది. నవ్వడం అయ్యాక, కొత్తవి కొనుక్కోవాలని నూరా గొణుగుతుంటే, "ఖలాస్. రమానా అమ్మ దగ్గర ఉంటుంది, కంతా వస్తుంది" అనేసింది. నేను కాంతం వైపు వేలు చూపించి, "చెప్పింది ఆమె" అన్నాను. కాంతం తెలుగులో, నెమ్మదిగా, "చల్లింది నువ్వే కదే" అంది. ఆమె తెలిసి చెప్పిందా, తెలియక చెప్పిందా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. తెలియకే చెప్పి ఉంటుంది. అలా ఒప్పుకుంటే ఆమెను తిట్టుకోవడానికి ఏమీ మిగలదు కాబట్టి ఒప్పుకోలేదు.

కాలవ గట్టు తప్ప ఇంకేదీ ఎక్కి ఎరగని మనిషి మంచు కొండలకు పోయింది. కొండల్లో పుట్టిన దాన్ని నేను రుమైథియాలో ఉండిపోయాను. ఆ రోజులన్నీ నాకు అన్నం సహించలేదు. ముసలి మామా రోజూ ఉప్పు ఎక్కువైందనేది. వాళ్ళు తిరిగి వచ్చాక కాంతం నాకొక చాక్లెట్ పెట్టె ఇచ్చింది. అది నేను తినలేదు, డ్రైవరుకు ఇచ్చేశాను. కానీ చెవులు మూసుకోవడానికి వీల్లేదు కదా. సాయంత్రం మేడ మీద బట్టలు తీసేటప్పుడు కాంతం మొదలుపెట్టేది. పిట్టగోడ అవతలి ఇంట్లో పనిచేసే పిల్లలు వాళ్ళ పని వదిలేసి గోడ దగ్గరకు వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒక సింహళ అమ్మాయికి తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా కాంతం చేతుల వైపు చూస్తూ నిలబడిపోయేది.

"మంచంటే ఐసుగడ్డ అనుకున్నారేంటి, కాదు. అప్పుడే దంచిన బియ్యప్పిండి. కాలెడితే కిర్రుమంటది. వాసన కూడా ఉంటది, చెప్తే నవ్వుతారు, లేత కొబ్బరికాయ కొట్టినప్పుడు వస్తది చూడండి, ఆ వాసన. నూరా పాప నా చెయ్యట్టుకుని పైకి లాగింది. ఆయ్. పైకెళ్ళి చూద్దును కదా, ఎక్కడో కింద సముద్రం. మంచులో నిలబడి సముద్రం చూసేను నేను. ఎంత నీలంగా ఉందనుకున్నారు, మా ఆయన మా పెళ్ళికి తెచ్చిన చీర కూడా అంత నీలం కాదు."

రోజూ అదే కథ. రోజూ ఏదో ఒకటి కొత్తగా చేరేది. ఒక రోజు మంచులో నక్క కనపడేది, ఇంకో రోజు మంచు కింద కాలవ పారుతున్న చప్పుడు వినపడేది. నేను వెనక్కి తిరిగి దుప్పట్లు మడుస్తూ, ఒక్క ముక్క కూడా పోనీయకుండా వినేదాన్ని. రాత్రి కళ్ళు మూసుకుంటే ఆ కొండ మీద కాంతం నిలబడి ఉండేది, నా చోటులో. ఒకసారి ఉండబట్టలేక, "సముద్రం కనపడేంత ఎత్తు ఎక్కినావా నువ్వు? మేడమెట్లెక్కితేనే ఆయాసపడతావు కదక్కా" అన్నాను. "అక్కడి గాలి వేరే రవణా, ఆయాసం రాదు" అంది. నేను పోయి ఉంటే కదా, వస్తుందో రాదో చెప్పడానికి.

మరుసటి వసంతానికి ముసలి మామాను వఫ్రాలో ఉన్న ఆమె చిన్న కొడుకు తోట ఇంటికి పంపారు. అందువల్ల మేమిద్దరం లెబనాన్ పోయాం. ఆ ఇల్లు మంచుకు కొంచెం కింద ఉండేది. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ. తెల్లారకముందే నూరా వాళ్ళు బయలుదేరేవాళ్ళు. దారి చూపడానికి ఆ ఊరి అన్నదమ్ములిద్దరు వచ్చేవాళ్ళు; అన్న స్కీల వాళ్ళతో, తమ్ముడు నడిచేవాళ్ళతో. నడిచేవాళ్ళంటే ఒక్కతే, హెస్సా అనే స్నేహితురాలు. ఆమెకు స్కీలు రావు. మంచులో దిగబడకుండా కాళ్ళకు చాటల్లాంటివి కట్టుకుని వాళ్ళ వెనక నడిచేది. మేము వాళ్ళకు రొట్టెలు, జున్ను, ఖర్జూరాలు కట్టి పంపి, కిటికీలోంచి చూస్తూ ఉండేవాళ్ళం. చీమలబారులాగ పైకి పోయేవాళ్ళు. నాకు ఎంత దగ్గరికి వచ్చానో అంత దూరం అనిపించేది.

ఒక రోజు హెస్సాకు జ్వరం తగిలింది. ఆ చాటలు గుమ్మం దగ్గర ఊరికే పడి ఉన్నాయి. నూరా బూట్లు బిగించుకుంటూ వంటింట్లోకి తొంగి చూసి, "రమానా, కొండ ఊరు కొండ ఊరు అని ప్రాణం తీస్తావు కదా. రా, యల్లా" అంది. నేను గరిటె కింద పెట్టాను. కాంతం సింకు దగ్గర ఉంది. ఆమె అడ్డు వస్తుందేమోనని నేనే ముందుగా, "కంతా కిందటిసారి వచ్చింది కదా, ఈసారి నా వంతు" అన్నాను. నూరా నవ్వింది. "కంతా ఎక్కడొచ్చింది? రమ్మని పిలిచాను కూడా. గుమ్మం దాకా వచ్చి, చలి అని వంటింట్లోకి పారిపోయింది. వెళ్ళేదాకా మళ్ళీ ఆ తలుపు దాటలేదు" అంది. నేను కాంతం వైపు చూశాను. కాంతం వెనక్కి తిరగలేదు. అప్పటికే తోమేసిన గిన్నెను మళ్ళీ తోముతూ ఉంది.

ఏడాది పొడుగునా నేను కుళ్ళిపోయింది కిటికీలోంచి చూసిన మనిషి మీద. నక్క లేదు, చెయ్యి పట్టుకుని లాగింది లేదు, సముద్రం లేదు. నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఒళ్ళంతా తేలికయింది. నైటీ కింద రెండు పైజామాలు తొడుక్కుని, పైన నూరా పాత కోటు వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని బయలుదేరాను. గుమ్మం దాటేటప్పుడు కావాలనే కాంతానికి వినపడేలా అడుగు వేశాను.

ఇక ఆ కొండ సంగతి. నాకు తెలిసింది ఇంతే. ఎక్కేటప్పుడు నా కళ్ళకు కనపడింది నూరా మడమలు. ఆమె స్కీ జరిపినప్పుడల్లా అడుగున ఆ పట్టీ మంచుకు రాసుకుని బరబరమనేది. నేను నాశనం చేసింది ఎంత పనికొచ్చే వస్తువో అప్పుడర్థమైంది. గొంతు ఎండిపోయింది. చెమట వీపు మీదుగా కారి చల్లబడేది. కానీ ఒకటి చెప్పాలి, ఎక్కినంతసేపూ మేమంతా ఒకటే. నూరా ముక్కు కారింది, నా ముక్కూ కారింది. ఆగినప్పుడు ఒక పిల్ల నారింజ ఒలిచి, ఎవరెవరని చూడకుండా తలా ఒక తొన చేతిలో పెట్టింది. నేను వెనకబడితే నూరా ఆగింది. నూరా వెనకబడితే నేనూ ఆగాను. ఆ ఇంట్లో పనిచేసినన్నాళ్ళలో ఆమె నాకోసం ఆగడం అదే మొదలు. మా కొండల్లో కట్టెలకు పోయినప్పుడు మా అక్కతో నడిచినట్టే నడిచాను.

పైకి చేరేసరికి మబ్బు కమ్మింది. నాలుగడుగుల అవతల ఏమీ కనపడటం లేదు. సముద్రం కాదు, పక్క కొండ కూడా లేదు. ఆ పిల్లలు నవ్వుకుంటూ స్కీల కిందినుంచి పట్టీలు చర్రున పీకి, జిగురును జిగురుకు మడిచి, కోటు లోపల గుండెకు ఆనించి పెట్టుకున్నారు. బూట్లు టక్కుమని బిగించుకున్నారు. నూరా నా వైపు చెయ్యి ఊపింది. అంతే, లేరు. ఒకరి వెనక ఒకరు ఆ తెలుపులోకి జారిపోయారు. వాళ్ళ కేకలు కాసేపు వినపడ్డాయి, తర్వాత అవీ లేవు. సగం రోజు కలిసి ఎక్కిన కొండను వాళ్ళు ఒక్క గుక్కలో దిగేశారు. నేను, సిగరెట్ వెలిగించుకున్న ఆ దారి చూపే తమ్ముడు మిగిలాం. "మాఫీ సముద్రం?", సముద్రం లేదా అని అతన్ని అడిగాను. భుజాలు ఎగరేశాడు. నాకు అక్కడ ఒక్క నిమిషం నిలవబుద్ధి కాలేదు. యల్లా, పోదాం అన్నాను. దిగేదారి పొడుగునా నాకు నూరా మీద కుళ్ళే. ఎక్కడం ఎవరికైనా ఒకటే, దిగడంలోనే ఎవరేంటో తెలిసిపోతుంది.

ఇంటికి వచ్చేసరికి కాంతం బకెట్‌లో వేడినీళ్ళు పోసి ఉప్పు వేసి సిద్ధంగా పెట్టింది. నా కాళ్ళు అందులో పెట్టించి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "ఎలాగుందే?" అంది.

"బాగుండాదిలే."

"అది కాదు. కాలెడితే ఎలాగుంది? ఏం వాసనొచ్చింది? ఆ పిల్లలేం మాటాడుకున్నారు? నీకు భయమేసిందా?"

ఒక్కొక్కటే లాగింది. నేను ఒక్కో మాట విదిలించాను, బిచ్చం వేసినట్టు. మడమలు, నారింజ, పట్టీ చప్పుడు, వాళ్ళు జారిపోవడం. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని వింది. "పైనుంచి ఏం కనపడింది?" అంది చివరికి.

"ఏం లే. మబ్బు."

"సముద్రం కనపళ్ళేదా?"

"లేదు."

"అయ్యో," అంది కాంతం, నిజంగానే బాధపడుతూ. "నాకు కనపడింది కదా మరి." ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు. నేను నీళ్ళలోంచి కాళ్ళు తీసేసుకున్నాను. "పిలిస్తే పోలేదంట. మళ్ళా నీకు సముద్రం యాడ కనపడె?" అన్నాను. ఆమె బకెట్ పక్కకు జరుపుతూ, "గుమ్మం దాకా వెళ్ళేను రవణా. కాలు ఆడలేదు. నువ్వయితే ఎక్కేసేదానివి కదా అనుకున్నాను" అంది. పిలిచి మరీ ఇచ్చినదాన్ని కాలదన్నుకుంది. నేను పిండి చేతులతో పోగొట్టుకున్నది అదే.

రుమైథియాకు వచ్చాక ఇక నా రోజులు అనుకున్నాను. పిట్టగోడ దగ్గరికి అందరూ వచ్చారు. "ఏమ్మా, నువ్వూ ఎక్కావంట, చెప్పు" అన్నారు. నేను గొంతు సవరించుకున్నాను. "చలి. మంచు. ఎక్కినాం. మబ్బు. దిగినాం" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. వాళ్ళు మర్యాదగా తలలూపారు. తర్వాత ఒక్కొక్కరుగా కాంతం వైపు తిరిగారు. కాంతం ముందు నా వైపు చూసింది, తర్వాత మొదలుపెట్టింది. ఈసారి కథలో ముందుపోయే మనిషి మడమలు వచ్చాయి, పట్టీ బరబర వచ్చింది, తలా ఒక తొన వచ్చింది. నా కాళ్ళ నొప్పి కూడా తీసుకుపోయి ఆమె కాళ్ళలో పెట్టుకుంది. సింహళ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఇది అబద్ధం, ఈమె వంటింటి గడప దాటలేదు అని నేను అరవవచ్చు. అరవలేదు. ఎందుకంటే నేను కూడా వింటున్నాను, తర్వాతేమవుతుందా అని.

కొన్నాళ్ళకు కాంతం ఆ ఇంట్లో పని ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్ళిపోయింది. నూరా పెళ్ళయి ఎగైలా వస్తూ నన్ను తనతో తెచ్చుకుంది. ఆమె ఇప్పుడు కొండలెక్కదు. మోకాళ్ళకు పట్టీలు వేసుకుని మాల్‌లో నాలుగు చుట్లు తిరిగి వస్తుంది. ఆమె ఇంట్లో ఉన్న కొత్త పనమ్మాయి లక్కిరెడ్డిపల్లె పిల్ల. సముద్రం ఒడ్డుకు తీసుకుపోతే చాలు, అక్కడినుంచే ఫోనులో ఊరంతటికీ వీడియో చూపిస్తుంది. చూసినవాళ్ళు ఒక బొమ్మ పెడతారు, అక్కడితో ఆ సముద్రం ఖలాస్. మాకు ఆ రోజుల్లో ఫోన్లు ఉండి ఉంటే కాంతం కథ మొదటి సాయంత్రమే చచ్చిపోయేది. నాకు న్యాయం జరిగేది. న్యాయం జరిగి, ఆ మేడ మీద సాయంత్రాలు మాత్రం ఉండేవి కావు. ఆమధ్య నూరాకు అల్లం టీ ఇస్తూ, "నువ్వు నన్ను కొండ మీదికి తీసుకుపోయావే, గుర్తుందా?" అన్నాను. ఆమె చాలాసేపు ఆలోచించింది. "నిన్నా? హెస్సా కదా నడిచేది" అంది. ఆమె తప్పేమీ లేదు. ఆమె ఎక్కిన కొండలు ఎన్నో. నాకు ఒక్కటే. ఉన్న ఒక్క సాక్షి మరిచిపోయింది, కథ కాంతం పేరు మీద ఉంది. నేను ఎక్కానని చెప్పడానికి ఇక నేను తప్ప ఎవరూ లేరు.

దుర్గ వచ్చింది. గుమ్మంలో నిలబడితే అచ్చం కాంతమే. నేను సంగటి చేసి, చేపల పులుసులో కొంచెం బెల్లం కూడా వేశాను. "తిను పాపా. మీ అమ్మ చేసినట్టు రాదులే" అన్నాను. తిన్నాక తల్లి ఆఖరి రోజుల గురించి చెప్పింది. నేను వింటూనే ఉన్నాను, కానీ నా మనసంతా ఒక్క ప్రశ్న మీదే ఉంది. చివరికి సిగ్గు విడిచి అడిగేశాను. "మీ అమ్మ ఆ కొండ కథ చెప్పేదా మీకు?"

"చెప్పకపోవడమేంటి పిన్నీ, అది వినకుండా మేం నిద్రపోయేవోళ్ళం కాదు. ముందు తనే ఎక్కినట్టు చెప్పేది. తర్వాత మా తమ్ముడు, అమ్మా, నువ్వు గుళ్ళో మెట్లే ఎక్కలేవు, కొండెలా ఎక్కేవు అన్నాడు. ఆ రోజు అమ్మ చాలాసేపు నవ్వి, నేను కాదురా, రవణ అంది. అప్పట్నించీ నీ పేరే."

"ఏం చెప్పేది?" అన్నాను.

దుర్గ కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. చేతులు ముందుకు వచ్చాయి, అవి కాంతం చేతులే. "రవణని ఒక పిల్ల. రాళ్ళ కొండల్లో పుట్టింది. పిండి చల్లి పాడుచేసిందని ఒకసారి కొండకి తీసుకెళ్ళలేదంట. మళ్ళా ఏడాది తీసుకెళ్ళేరు. షేకుల పిల్లలతో సమానంగా ఎక్కింది. ఎక్కడా కూచోలేదు. పైకెళ్ళేసరికి మబ్బు. ఆ పిల్లలందరూ టపటపా జారుకుని కిందకెళ్ళిపోయేరు. రవణ ఒక్కత్తే మిగిలింది. ఏడవలేదంట. పోతే పోయేరు, కొండ ఇక్కడే ఉంది కదా అని కూచుందంట. కూచుంటే కూచుంటే, మబ్బు తొలిగింది. సముద్రం. అంత నీలం. ఆ పిల్లలెవరికీ కనపళ్ళేదు. ఆళ్ళు తొందరపడి జారిపోయేరు కదా. ఉన్నదానికే కనపడింది." దుర్గ చేతులు దించేసింది. "అమ్మ ఇక్కడికొచ్చేసరికి కాసేపు ఆగేది. నిజవేనా పిన్నీ? కనపడిందా?"

మబ్బు తొలగలేదనీ, నేనే ఉండలేకపోయాననీ చెప్పవచ్చు. ఇన్నేళ్ళుగా ఎవరైనా అడిగితే చెప్పాలని దాచుకున్న నిజం అదే. "మీ అమ్మ చెప్పినట్టే" అన్నాను. దుర్గ తృప్తిగా తలూపి, బస్సు వేళయిందని లేచింది. నేను గేటు దాకా వెళ్ళి వచ్చి, గిన్నెలు సింకులో వేసి, నీళ్ళు వదిలాను. కాంతం మీద ఇక కుళ్ళు లేదు. ఆ రవణ మీద ఉంది. ఆమెకు ఏ తొందరా లేదు. మంచులో అలా కూర్చుని, మబ్బు తొలిగేదాకా ఉండి, సముద్రం చూసి మరీ దిగింది. నేనేమో యల్లా అని వచ్చేశాను.